జోడు చక్రాలు

రాణిగంజ్‌ల టైర్ల గుట్ట ముందు
గొంతుక్కూసున్నడు సత్తార్ మియా.
వేలంపాటల దొరికిన నా బుడ్డ ట్రాక్టర్ వయసు చెప్తే
నవ్విండు: "నాకంటే రెండేండ్లు పెద్దది సాబ్."

పండ్ల టైరు పట్టిస్తది, గడ్డిని కొరుకుతది.
నున్నది గడ్డిని కాపాడ్తది,
తొలకరి ఎర్రమట్టిల జారుతది.
పండ్లదే తీసుకున్న.
గడ్డి మళ్ల మొలుస్తది గద.

పక్కపక్కన పెట్టి తాడుతోటి చుట్టుకొలత చూసిండు.
నాలుగు వేళ్లు తేడా.
"ఒకటి మోస్తది, ఒకటి ఊకె తిరుగుతది.
జోడంటే గట్ల కాదు" అని
గుట్టంత మళ్ల తవ్విండు.

లోపలి చక్రం వాల్వు చెయ్యికి అందాలె,
లేకుంటే గాలి కొట్టినప్పుడల్లా
బయటిదాన్ని ఊడదీసుడే.
నడుమ ఇనుప కంకణం, పొడుగు బోల్టులు.
నట్లు ఎదురెదురు బిగించిండు;
ఒక్క దిక్కే బిగిస్తే అలుగుతదట రిమ్ము.

హయత్‌నగర్ చేరేసరికి రాత్రి ఎనిమిది.
ఆటో ట్రాలీ మీంచి దించితే
రొమ్ము విరిచి నిలవడ్డది
తాలీంఖాన పహిల్వాన్ లెక్క.
నర్సరీ గేటు కాడ ఆగింది.
రెండు దిక్కుల జానెడు జానెడు ఎక్కువ.
గేటును మాత్రం ఎవ్వలం కొలువలే.

సత్తార్ మియా ఏమనలే.
జేబులకెంచి తాడు తీసిండు,
ఈసారి గోడకు.