రేపటి రేటు

రాత్రి పదిన్నరకి అంకె వస్తుంది,
పైనుంచి.
పై అంటే ఎవరో
పదకొండేళ్ళుగా నేనూ అడగలేదు.
దాన్ని మూడు వందల నాలుగు బంకులకి పంపుతాను.
నిర్ణయించేది నేను కాదు, పంపేదే నేను.
ఈ వాక్యాన్ని ఎంత వాడానంటే
అరిగిన సబ్బుబిళ్ళలా
పట్టుకోబోతే జారిపోతోంది.

ఇవాళ ఎనభై పైసలు.

మణలి గేటు బయట దేశప్పన్ ఆటో.
గొట్టం కొసన మండే మంట
అతని అద్దంలో అగ్గిపుల్లంత.
ఈ వాసన నాకు తెలియడం మానేసి చాలా కాలమైంది.
మా అమ్మాయి మాత్రం నా చున్నీని
తన బట్టలతో కలిపి ఉతకనివ్వదు.

అతనిది మద్రాసు తెలుగు,
సగం మాట అరవంలో నానబెట్టి తీస్తాడు.
ఒకప్పుడు ఎన్నూరు ఉప్పుటేట్లో
చేత్తో రొయ్యలు పట్టేవాడు,
గడ్డం దాకా నీళ్ళలో కూర్చుని,
బురదలో కదలికని వేళ్ళతో వింటూ.
ఒక డిసెంబరు వరదకి నీళ్ళు నల్లగా వచ్చాయి.
మాది కాదన్నారు మావాళ్ళు.
మాదీ కాదన్నారు పక్కవాళ్ళు.
చివరికి తప్పు వానదని తేలింది.
వలకి పట్టిన జిడ్డు
కిరసనాయిలు పెట్టి రుద్దితే పోయిందట.
కిరసనాయిలూ మాదే.

మూలకడై దాటాక ఆటో రెండుసార్లు దగ్గింది.
"అక్కా, రేపు ఏమైనా ఎక్కుతుందా?"
వానొస్తుందా అన్నట్టు అడిగాడు.

నాకు తెలుసు.
ఊరికి తెలియని సంగతి
ఇంకో ఏడు గంటలు నా దగ్గరే ఉంటుంది.
ఎవరికీ చెప్పనని నేను పెట్టిన సంతకం
మూడో అంతస్తు బీరువాలో ఉంది.
పోయినేడాది చెన్నకేశవులు గారు బావమరిదికి చెప్పారు.
తెల్లారేసరికి బావమరిది లారీలు ఆరూ నిండాయి,
నెల తిరిగేసరికి ఈయన కుర్చీ ఖాళీ అయింది.
మా అందరికీ నీతి మీద క్లాసు పెట్టారు,
టీ, బిస్కట్లతో.

"నాకేం తెలుస్తుందయ్యా" అన్నాను.

"అదీ నిజమే. తెలిసినోళ్ళు ఆటో ఎందుకెక్కుతారు!"
నవ్వాడు.

బంకులో ఆపాడు. వంద రూపాయలకి.
ఎప్పుడూ వందకే.
రేటు పెరిగితే అతని వంద పెరగదు,
దూరం తగ్గుతుంది.
పైపు పట్టుకున్న కుర్రాడు నిద్రకళ్ళతో
"సున్నా చూసుకోండి" అన్నాడు.
దేశప్పన్ తల బయటికి పెట్టి చూశాడు.
నేనూ చూశాను.
అక్కడ మోసం లేదు. సున్నా సున్నాగానే ఉంది.

లెక్క కట్టకుండా ఉండలేను, నా జీతమే అందుకు.
ట్యాంకు నింపుకుని ఉంటే ఇంకో ఆరు లీటర్లు.
ఆరు ఎనభైలు
నాలుగు రూపాయల ఎనభై పైసలు.
సగం టీ కూడా రాదు.
ఇంతేనా అనిపించింది ముందు.
తర్వాత, ఇంత చవగ్గా అబద్ధమాడగలనా అనిపించింది.
పెద్ద పాపమేదైనా అయితే
రెండు రోజులు ముద్ద దిగేది కాదేమో.
ఇది అలాంటిది కాదు.
ఇంటికెళ్ళి పెరుగన్నం తింటానని
అప్పుడే తెలుసు.

పెరంబూరులో దిగి
ఎప్పుడూ ఇచ్చే రెండు వందలకి
ఇంకో పది కలిపి ఇచ్చాను.
వీధిదీపం కింద నోట్లు విడదీసి చూశాడు.
"రేటు ఇంకా ఎక్కలేదు గదక్కా"
అంటూ పది తిరిగిచ్చాడు.

నాలుగంతస్తులు ఎక్కాను.
ఇంకా తొమ్మిదేళ్ళ వాయిదాలున్న తలుపు
చప్పుడు కాకుండా తీశాను.
పది నోటు ఫ్రిజ్ మీద పెట్టి
పైన ఉప్పు డబ్బా పెట్టాను, ఎగిరిపోకుండా.

ఆరింటికి మూడు వందల నాలుగు బంకుల్లో
అంకెలు ఒక్కసారే మారి ఉంటాయి.
ఆ వేళకి మెలకువగా ఉందామనుకున్నాను.
నిద్ర పట్టేసింది.