బట్వాడా

పొగతోటలో ఇప్పుడు పొగాకు లేదు.
గోడల నిండా డాక్టర్ల పేర్లు, గొట్టాల్లో నెత్తురు,
లిఫ్టు పనిచేయని మూడో అంతస్తులో నా మైక్రోస్కోపు.

సువార్తమ్మ పిన్ని కందుకూరు నుంచి తొలిబస్సుకొచ్చింది.
ముప్ఫయ్యేళ్లు పొగాకు గ్రేడింగు చేసిన వేళ్లు
రిపోర్టు అంచునీ ఆకులాగే తడిమాయి,
ఈనె ఎటుందోనని.

"ఏందమ్మే అందులో? నాకు తెలిసే మాటల్లో చెప్పు."

ఒంట్లో ఒక కణం ఉంది పిన్నీ,
పుట్టుకతోనే చంపడం తెలిసింది.
ఎవరూ శత్రువును పరిచయం చేయక్కర్లేదు.
ప్రతి గడపా తడుతుంది,
చీటీ చూపినదాన్ని వదిలేస్తుంది,
చూపనిదాన్ని, ఒంటిమీద ఆపద గుర్తులు లేచినదాన్ని
బెజ్జం పొడిచి, లోపలికి చావు పోస్తుంది.
ఒక్క గుర్తుతో తేల్చదు.
ఆగమనేవి ఎన్ని, కొట్టమనేవి ఎన్ని,
రెండూ తూచి...

"ఆకు చూసినట్టే," అంది.
"రంగొకటే చూస్తే మోసపోతాం.
జిగురు చూడాల, మందం చూడాల. చెయ్యే చెప్పుద్ది."

దగ్గు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది.
ఫ్యాను చప్పుడు.

"మరి నా లోపల అదేం చేస్తంది? నిద్దరపోతందా?"

ఆ సంగతి ఈ కాయితంలో రాయరు.
గడ్డ కూడా మాటలు పంపుతుంది పిన్నీ, మెత్తటివి.
టీజీఎఫ్ బీటా అంటాం.
అది సోకితే చేతిలో కత్తి ఉంటుంది, పట్టు ఉండదు.
లేపే మాటలూ ఉన్నాయి.
ఇంటర్‌ల్యూకిన్ పన్నెండు తట్టి లేపుతుంది,
పదిహేను బతికిస్తుంది.
పదిహేను అందకపోతే
ఎవరూ చంపకుండానే, కొన్నాళ్లకే రాలిపోతుంది.

పిన్ని నవ్వింది. పై పన్ను ఒకటి లేదు.
"పదిహేనా! మాకూ పదిహేనో తారీఖే బట్వాడా."

తర్వాత, కిటికీ వైపు చూస్తూ:
"ఒక ఏడు మూడు వారాలు ఆపారమ్మే.
మేం గొడవ చెయ్యలా.
ఊరికే చేతులు నెమ్మదిచ్చినాం.
మచ్చాకు, పచ్చాకు, బూజు పట్టింది,
అన్నీ మంచి కట్టలోకే పోయినయ్.
పైన బంగారం మాదిరి ఒక్కాకు చుట్టి.
వేలంలో గానీ వాళ్లకి తెలవలా."

రబ్బరు పట్టీ బిగించాను.
నరం వెంటనే దొరకలేదు, రెండుసార్లు పొడిచాను.
ఆమె కదల్లేదు.
రెండో చెయ్యి పక్కటెముకల మీద వేసుకుని,
చాలా మెల్లగా, అలిగిన కూలీని పిలిచినట్టు,
"ఎవురుమే లోపల మేస్త్రీ?
వాళ్లకెంత బాకీ ఉండాం?" అనడిగింది.

నన్ను కాదు.

గొట్టం మీద పేరు రాశాను. సువార్తమ్మ, యాభై ఆరు.
స్టాండులో పెట్టేదాకా
నా వేళ్లకి వెచ్చగానే ఉంది.