నీలం గీత

కంపెనీ కుర్రాడు ఫణి
జేబులోంచి జానెడు గొట్టం తీసి
జొన్నగడను మెలిపెట్టి ఒక్క చుక్క పిండి
"చూడు మామా" అని నా కంటికి ఆనించాడు.
పైన నీలం, కింద తెలుపు,
మధ్యలో గీత.
ఉదయగిరి దుర్గం వెనక పొద్దుగుంకాక
ఆకాశం కొండను వదిలేసే చోటల్లే ఉంది.
"పదిహేడు!" అన్నాడు వాడు,
పరీక్ష పాసైంది నేనైనట్టు.

పాతికేళ్ళు పొగాకు చూసిన చెయ్యి నాది.
ఆకు అంచు రెండు వేళ్ళ మధ్య రాస్తే చాలు
గ్రేడు చెప్పేవాణ్ణి,
కలిగిరి వేలంలో పలకబోయే ధర కూడా
ఓ రూపాయి అటూ ఇటుగా.
ఆ బేరన్‌లో ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి.
తీపి నాకు కొత్త.

పుబ్బలో ఒక వాన, హస్తలో ఒకటిన్నర.
అర వాన ఏంది అంటారా?
మా గట్టు దాకా వచ్చి వెనక్కి పోయింది.
అయినా జొన్న కదా,
ఆకులు చుట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది.
తడి తగలగానే
ఏమీ ఎరగనట్టు విప్పుకుంది.

కంకులు ముందే కోసి ఇంటికి చేర్చింది చెంచురత్నం.
"గింజ మనది, గడ బండ్లది" అంది.
రసం పెట్రోలులో కలుస్తుందని విన్నప్పటినించీ
ఆమెకు నవ్వాగదు.
"మనకు మోటారుసైకిలన్నా లేకపాయె,
ఊళ్ళో వాళ్ళ బండ్లకి జొన్నకూడు పెడతన్నాం!"

కొట్టిన గడకు ఒక్క రోజే ఆయుష్షు,
ఆలోపు మిల్లుకు చేరాలి.
పన్నెండు మంది కూలీలు, ఎకరా చేను,
దీపాలవేళకు దిబ్బ నా తల దాటింది.
లారీ రాలేదు.
ఫోను చేస్తే
వింజమూరు అవతల ఆగిందన్నారు,
డీజిలు అయిపోయి.
చెంచురత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"ఎట్నో తోసుకు రమ్మను,
మన చేలో తాగిపోద్ది."

ఆ నవ్వు తెల్లారిందాకే.
ఈగలు, కందిరీగలు,
చెయ్యి దూరిస్తే దిబ్బలో జొరమున్న ఒంటి వేడి,
కల్లుకుండ వాసన.
ఫణి గొట్టం నా దగ్గరే వదిలి పోయాడు.
భయపడతానే ఒక చుక్క పిండాను.
పద్దెనిమిది.

దిగాల్సింది ఎక్కింది!
నీరు ఎగిరిపోయేకొద్దీ
మిగిలిన తీపి దగ్గరికి జరుగుతుందంట,
ఫోనులో చెప్పాడు.
కాటాకు మాత్రం తీపి తెలీదు, బరువే.

ఊరికే కూర్చోలేక
ఆ గొట్టంలో ఇంకేవేవో వేశాను.
మజ్జిగ తేట: నాలుగు.
నా చెమట: గీత కదిలీ కదలనట్టు.
బోరింగు నీళ్ళు: సున్నా.

సున్నా.
మా అన్న మాలకొండయ్య నలభయ్యేళ్ళకే
నేల చూస్తా నడిచింది ఈ నీళ్ళు తాగే.
పళ్ళ మీద తుప్పు చారలు,
మోకాళ్ళు మడతపడవు,
మంచంలో కూర్చోబెట్టాలంటే ఇద్దరు కావాలి.
గొట్టానికి అందులో ఏమీ కనపడలేదు.
దాన్ని తప్పు పట్టను,
తీపిని అడగడానికి చేసింది, తీపే చెబుతుంది.

మూడో రోజు లారీ వచ్చింది.
పదమూడు టన్నులు తూగాల్సింది
పదిన్నర తూగింది.
డ్రైవరు ఆలస్యం ఊసెత్తలేదు,
టీ ఉందా అని అడిగాడు.
ఇచ్చాం.

ఎక్కించేముందు ఒక గడ దాచాను.
కొడవలితో పెచ్చు చెక్కి, వేలంతేసి ముక్కలు కోసి
అన్న నోట్లో ఒకటి పెట్టాను.
కొరకలేడు.
బుగ్గన పెట్టుకుని, నాలుకతో నొక్కుతా
చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.
"ఎంతుంది?" అన్నాను,
గొట్టాన్ని అడిగినట్టే.

పిప్పి అరచేతిలోకి ఊసి
దాన్నే చూస్తా అన్నాడు:
"పులిసిందిరా అబ్బయ్యా.
ఇంకో ముక్క పెట్టు."