నలుసు

షెఫీల్డ్‌లో నేను కత్తెరలకు పదును పెడతాను.
డాన్ నది పక్కన పాత ఇటుకల షెడ్డు,
రోజంతా రవ్వలు.
సాయంత్రం చొక్కా దులిపితే
బాత్రూం తెల్ల పలకల మీద నల్లటి ఇసుక.
ఇనుము నాకు కొత్త కాదు.
ఇనుమంటే భయపడటం మాత్రం
ఈ ఆసుపత్రి గుమ్మం దగ్గరే నేర్చుకున్నాను.

డెనీస్ ఒక్కొక్కటే అడిగింది:
గడియారమా, బెల్టా, తాళాలా, జేబులో చిల్లరా,
పళ్ళకు తీగ, గుండెకు యంత్రం ఏమైనా ఉన్నాయా?
తరళ అప్పటికే అన్నీ తీసేసి
నీలం గౌనులో, బోడితల మీద ఊలుటోపీతో
కాళ్ళూపుకుంటూ కూర్చుంది.
తనకు పదమూడేళ్ళు.
మెడలో గడ్డలకు పదకొండు నెలలు.

ఇంతకుముందు నాలుగుసార్లు ఇంకో యంత్రం.
నరంలోకి మందెక్కించి
అందరూ తలుపవతలికి వెళ్ళిపోయేవారు.
నర్సు వెళ్ళేది, డాక్టరు వెళ్ళేది,
నేనూ వెళ్ళేవాణ్ణి.
"మీకందరికీ చెడ్డదైంది
నాకొక్కదానికే మంచిదెలా అయింది?"
అనడిగింది ఓసారి.
ఆ రాత్రి చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవద్దన్నారు.
మెట్ల పైన కూర్చుని
చేతికి సాక్సు తొడుక్కుని
దూరంనుంచే వాణ్ణి నవ్వించింది.

పెద్ద డాక్టరు చెప్పింది:
కిరణాల లెక్క ఒంటి ఖాతాలోంచి చెరిగిపోదట.
చిన్న పిల్ల, ముందు బోలెడు కాలం.
"జబ్బు పోయాక కూడా బతకాలి కదండీ."
ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటిదాకా నడిచాను,
ట్రామ్ ఎక్కడం మర్చిపోయి.

అందుకని ఈసారి అయస్కాంతం.
కిరణానికి బదులు చూపులోకి ఇనుము:
బాగా కాచిన టీ రంగులో
చుక్కా చుక్కా నా బిడ్డ నెత్తుట్లోకి.
తనకంత ఇనుము లోపలికి పోవచ్చు,
నా పిన్నీసు మాత్రం బయటే.
నాకు నవ్వొచ్చింది. డెనీస్‌కి చెప్పలేకపోయాను.

"తోడు ఉండొచ్చు," అంది.
ఈ గదిలోంచి ఎవరూ పారిపోనక్కర్లేదు.
చెవులకు దూది, అంతే.
చివరి ప్రశ్న:
"కంట్లో ఎప్పుడైనా లోహపు ముక్క పడిందా, లవ్?"
ఇక్కడ అందర్నీ అలాగే పిలుస్తారు.
పన్నెండేళ్ళుగా సానరాయి ముందు నిలబడ్డవాణ్ణి,
పడకుండా ఉంటుందా?

"అయితే ముందు మీ కళ్ళకు ఎక్స్‌రే."
తరళ నా వైపు చూసింది.
"నాకు తప్పింది నీకా?"
నేను అప్పటికే లేచాను.
ఒక్క చిటికె. చల్లటి పలక, ఓ చిన్న టిక్కు.
ఆ నాలుగుసార్లూ గుర్తొచ్చి
ఇంకోటి తీయమని అడగబోయాను, పిచ్చివాణ్ణి.

ఎడమ కంట్లో, కింది మూల,
ఆవగింజలో సగం. తెల్లగా.
ఎప్పుడు పడిందో, నొప్పైనా చెప్పకుండా
అక్కడే కాపురం పెట్టింది.
అయస్కాంతం పిలిస్తే అది పలుకుతుంది,
చూపు పోతుంది.
"సారీ, లవ్."

తను కడుపున పడ్డప్పుడు
మా నాయనమ్మ ఫోన్లో మొదట అడిగింది:
"ఏమ్రా, నలుసు పడిందా?"
అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను.
ఆ నలుసు దగ్గరికి
ఈ నలుసు పోనివ్వలేదు.

హేజెల్ అని ఆటలు ఆడించే అమ్మాయి
చెక్కస్టూలు మీద కూర్చుని
తన పాదం పట్టుకుంది.
నేను పట్టుకోవాల్సిన పాదం.
బొటనవేలి గోరుకి పసుపుపచ్చ రంగు.
ఎప్పుడేసుకుందో.

చప్పుడు మొదలైంది.
దడదడ, టకటక, కాసేపు బెల్లులా,
కాసేపు రేకు మీద వడగళ్ళలా.
మైకులో డెనీస్:
ఊపిరి పీల్చు. బిగబట్టు. కదలకు.
తెర మీద పొరలు పొరలుగా
లోపలి ఊళ్ళన్నీ తెల్లారుతున్నాయి.
ఏ వెలుగు మంచిదో ఏ మచ్చ చెడ్డదో
చదవడం నాకు రాదు.
డెనీస్ ముఖం చదవబోయాను,
అదీ రాలేదు.

యాభై నిమిషాలకు బయటికొచ్చింది,
చెంప మీద దిండు గీతతో.
"ఎలా ఉంది?"
"నీ షెడ్డులో నిద్రపోయినట్టుంది."

ఫలితం గురువారం.
ట్రామ్‌లో వాన, కిటికీకి ఆవిరి.
"ఇవాళ తమ్ముణ్ణి ఎత్తుకోవచ్చు కదా?"
ఎత్తుకో అన్నాను.
తర్వాత నా వైపు తిరిగి
రెండు వేళ్ళతో నా ఎడమ రెప్ప విప్పి
మరీ దగ్గరికొచ్చి చూసింది.
"ఏదీ, కనపడట్లేదు.
నాన్నా, కదలకు."

ఊపిరి బిగబట్టాను.