ఫారగర్ గండి

పటంలో వెతక్కు, దొరకదు.
ముప్ఫై ఏడు మైళ్ళ పైచిలుకు చుట్టులో
రెప్పపాటు కూడా పట్టని చోటు.
ఎడమకి ఒంపు, కుడికి పలకరాతి గోడ,
గోడ నెత్తిన పచ్చపూల ముళ్ళపొద.
పదకొండు నెలలు ఇది నా బస్సు స్టాపు.
పొద్దున ఏడూ నలభైకి
బ్రీషా మనవలిద్దరూ ఒక్క జత చేతితొడుగులు పంచుకుని
చెరో చెయ్యీ ఊపుతూ నిలబడి ఉంటారు.

మొదట్లో గండి లేదు.
గోడ, గోడవతల టర్నిప్ చేను, చేలో ఇల్లియం ఫారగర్.
సంతలో ఇంగ్లీషులో బేరమాడి
ఇంటికొచ్చి మాంక్స్‌లో తిట్టుకునే మనిషి.
మోటారు పందెం వచ్చిన కొత్తలో
కోళ్ళు గుడ్లు మానేశాయని
చర్చిలో లేచి నిలబడి చెప్పాడట.

ఒక జూన్‌లో, సముద్రం మీంచి పొగమంచు పాకి
కొండ తల కనపడని పొద్దున,
లాంకషైర్ కుర్రాడొకడు ఒంపు మరిచిపోయాడు.
బండితో సహా గోడలోంచి దూరి
టర్నిప్పుల మధ్య తేలాడు.
పోయింది రెండు పళ్ళే.
ఫారగర్ అతన్ని తోపుడుబండిలో ఇంటికి తోసుకొచ్చి
ఉప్పుచేప, ఉడికిన బంగాళాదుంప పెట్టి,
అతను నమలలేక చూస్తుంటే
కాగితం తీసి పందెం కమిటీకి రాశాడు:
'గోడ, తొమ్మిది గజాలు. టర్నిప్పులు, నలభై ఒకటి.
ఆవు ఒకటి, బెదిరినది.'
డబ్బొచ్చింది. గోడ కట్టలేదు.
బండి చేలోకి సూటిగా దిగుతోంది కదా,
అరమైలు కలిసొచ్చింది!
అలా పడింది పేరు.

యుద్ధం రాగానే పందేలు ఆగాయి.
రోడ్డు నడుమ గడ్డి మొలిచింది.
తీరంలో ముళ్ళకంచె వెనక పెట్టిన పరాయివాళ్ళలోంచి
ఒకణ్ణి పొలం పనికి పంపారు, కాపలా సిపాయితో.
వియన్నాలో ఫిడేళ్ళు బాగుచేసేవాడు, ఎగాన్.
గండికి అటూ ఇటూ రెండు స్తంభాలు పేర్చమంటే
ప్రతి రాయినీ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి,
నచ్చనిది పక్కన పడేసేవాడట.
రెండు స్తంభాలకి రెండు నెలలు.
గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ
గోడని వినేవాణ్ణి అప్పుడే చూశానని
ఫారగర్ చచ్చేదాకా చెప్పుకున్నాడు.

ఈ దీవిలో ఎలుక పేరు ఎత్తం. పొడుగుతోక అంటాం.
మా ఇంట్లో జూన్ నెలలో
'పోయాడు' అని కూడా అనం.
టౌనో చుట్టు ముగించలేదు.
ఫిన్లండ్ వాడు, నీలం హెల్మెట్, నేను ఆరేళ్ళదాన్ని.
కుడి స్తంభం.

మరుసటి వారం అతని అక్క ఓడ దిగి వచ్చింది.
ఏడవలేదు. నిందించలేదు.
జెండా పట్టుకున్నది మీరేనా అని మా నాన్నని అడిగి,
ఇక్కణ్ణుంచి వాడికి ఆఖరున
ఏం కనపడి ఉంటుంది అంది.
నాన్న దగ్గర జవాబు లేదు.
కోటు విప్పకుండానే రోడ్డు మీద బోర్లా పడుకుని
చెంప తారుకి ఆనించి చాలాసేపు చూశాడు.
'గడ్డి,' అన్నాడు. 'గడ్డి సందులోంచి
నాలుగు కొమ్ముల గొర్రె ఒకటి. మనల్నే చూస్తోంది.'
ఆమె కూడా పడుకుంది.
వెనక పాలలారీ వచ్చి ఆగింది, హారన్ కొట్టలేదు.

తర్వాత స్తంభాలు పీకేశారు. గండి పూడ్చేశారు.
ఇప్పుడు జూన్‌లో గాలిదిండ్లు కడతారు,
నాన్న నిలబడ్డ చోటే పసుపు జెండాతో నిలబడతాను,
రేడియోలో 'ఫారగర్ గండి, అంతా సవ్యం' అంటాను.
ఫారగరూ లేడు, గండీ లేదు.

కుడి స్తంభపు రాయి ఒకటి బ్రీషా దగ్గరుంది,
పాలకొట్టు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డు.
ఒకసారి ఎవరూ చూడకుండా వంగి తట్టాను.
ఏదో పలికింది.
ఏ స్వరమో నాకు తెలీదు,
నేను బస్సు నడిపేదాన్ని.