తొంభై ఎనిమిది నిమిషాలు

ఏడింపావుకి డిపో గేటు దగ్గర విల్ఫ్
గడువు తీరిన బ్యాంకు కార్డుతో
వ్యాను అద్దం మీది మంచు గీకుతుంటాడు.
"ఎక్కు, డిగ్రీ" అంటాడు.
నా పేరు హెస్టర్ అని ఆయనకి తెలుసు.
చేరిన ఏడు నెలల్లో రెండుసార్లు వాడాడు,
రెండుసార్లూ అరవడానికే.

పెన్‌రిత్ దాటాక దారి సన్నబడుతుంది.
రెండు వైపులా రాతిగోడలు,
గోడల నీడలో కరగని నిన్నటి మంచు.
మొదటి ఫోను ఆరూ నలభై ఎనిమిదికట.
లోయ చివర పంతొమ్మిది ఇళ్లు.
కరెంటు లేదు.

యూనివర్సిటీలో మూడు ఫేజులూ
నూట ఇరవై డిగ్రీల ఎడంతో
తెల్ల కాగితం మీద బుద్ధిగా నిలబడేవి.
ఇక్కడ మూడోది
ఇరవై ఏడో స్తంభం కింద
గొర్రెల పెంటలో పడుంది,
విరిగిన యాష్ కొమ్మని వాటేసుకుని.

విల్ఫ్‌కి పాఠాలు చెప్పడం రాదు.
ఒకటే వాక్యం వచ్చు:
"చచ్చిందని తేలేదాకా
ప్రతి తీగా బతికున్నదే."

కంట్రోల్ రూములో నోరీన్. మనిషిని చూడలేదు.
గొంతు తెలుసు,
ఈ వారం ఆ గొంతుకి జలుబనీ తెలుసు.
ఆమె చెప్పిన ప్రతి ముక్కా
ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాలి.
స్విచ్చు నంబరు. తెరిచాను.
తాళం వేశాను. టైము.
ఒక్క అంకె తడబడితే మళ్లీ మొదటికి.

కడ్డీ చివరి టెస్టర్ని ముందు పరీక్షించాలి,
ఆపైన తీగని,
ఆపైన మళ్లీ టెస్టర్నే.
అది మాట్లాడకపోతే
తీగలో ప్రాణం లేకనా, దానికే నోరు పోయా?

స్తంభాలెక్కే పరీక్ష నాకు మే నెలలో.
అందాకా నేల నాది.
తాడుకి పనిముట్లు కట్టి పంపుతాను,
కాగితాలు తడవకుండా కడుపుకి హత్తుకుంటాను.
"దిమ్మెలా నిలబడకు," పైనుంచి విల్ఫ్,
"ఆ ఇంట్లో ఎవరున్నారో చూసిరా."

ఎడిత్ బ్రన్స్‌కిల్ తలుపు తీసింది.
ఆమె కోటు బొత్తాల మధ్యనుంచి
గొర్రెపిల్ల మూతి ఒకటి.
వేడిదీపం ఆరిపోయింది కదా.
పొయ్యి పక్కన పెట్టెలో ఇంకోటి,
మొహం మీదుగా గోనె కప్పి ఉంది.
నేనడగలేదు. ఆమె చెప్పలేదు.

"ఎప్పుడు పోయిందండీ కరెంటు?"
గడ్డం ఎత్తి గోడ చూపించింది.
ప్లగ్గుతో నడిచే పాత గడియారం
ఐదూ పది దగ్గర ఆగి ఉంది.
"మరి ఫోను చెయ్యలేదేం?"
"అంత పొద్దున్నే ఎవర్ని లేపను!"
మా నంబరు నిద్రపోదని చెప్పాను.
"నంబరు సరే,
దాని వెనకాల మనిషో?" అంది.

పదకొండూ ఇరవైకి
వోల్టేజి చూడ్డానికి మళ్లీ ఆ వంటింట్లోనే ఉన్నాను.
ఫ్రిజ్ గొంతు సవరించుకుంది.
రేడియో సగం మాట నుంచి లేచింది.
గడియారం ఆగిన చోటునుంచే
ఏమీ ఎరగనట్టు నడక మొదలెట్టింది.
వేడిదీపం వెలిగింది కానీ
ఎడిత్ కోటు బొత్తాలు విప్పలేదు.
మొత్తానికి టీ ఇచ్చింది, బిస్కెట్లు మెత్తబడ్డాయి.

సాయంత్రం డిపోలో ఫారం.
కారణం: చెట్టు.
లెక్క కంప్యూటరే వేసుకుంటుంది:
ఇల్లు ఒక్కింటికి రెండువందల డెబ్బై రెండు చొప్పున
పంతొమ్మిది ఇళ్లకీ నష్టమైన నిమిషాలు
ఐదువేల నూట అరవై ఎనిమిది.
గొర్రెపిల్లల పేర కనెక్షన్లుండవు.

గోడ గడియారం సంగతి డెస్మండ్‌కి చెప్పాను.
"మన లెక్క ఫోను మోగినప్పుడే మొదలు" అన్నాడు.
చెడ్డవాడేం కాదు,
ఆయన ముందున్న పైలు
ఆయనకంటే ఎత్తుగా ఉంది.

తొంభై ఎనిమిది నిమిషాలు.
ఎవర్నీ లేపకుండా, చీకట్లో,
ఒక ముసలి మనిషి
ఏ పిల్లని కోటులో పెట్టుకోవాలో తేల్చుకున్న నిమిషాలు.
గుణించబోయి ఆగాను.
రిమార్కుల గడిలో చోటు తక్కువ.
"వంటింటి గడియారం: ఐదూ పది" అని రాసి
పంపు అన్న బొత్తాం నొక్కాను.

విల్ఫ్ నా భుజం మీంచి చదివాడు.
ఫ్లాస్కు కడిగాడు. బూట్లు విప్పాడు.
తలుపు దాకా వెళ్లి ఆగాడు.
"రేపు మంచు ఎక్కువట, హెస్టర్.
పావుగంట ముందే రా."