ఆరువందల ముప్ఫై దగ్గర

గుణుపూర్ బస్టాండు ఎదర జిరాక్సు కొట్టులో
షట్టరు సగం దించాక
నేనొక గొంతు తయారుచేస్తుంటాను.

ముందు రంపపు పళ్లలాంటి తరంగం.
దానికి నోరు లేదు, నాలుక లేదు,
పాడైన ఫ్యానులా జుయ్యిమంటుంది.
తర్వాత రెండు జల్లెడలు, ఒక్కోదానికీ ఒక అంకె.
ఏడువందలు. పన్నెండువందల యాభై.
రన్ నొక్కితే
తెలుగు వాచకం మొదటి పేజీ పలికింది:
అ.

ఒక్కదాన్నే ఉన్నా సిగ్గేసింది.

అంకెలు తగ్గించాను. అయిదువందల యాభై, తొమ్మిదివందలు.
లేని పెదవులు గుండ్రంగా చుట్టుకుని
ఒడియా బడిలో హాజరు పిలిచాయి.
ఇంట్లో జలజని.
బడిలో పదేళ్లు జొలొజాని.
రేషను కార్డులో ఒక స్పెల్లింగు, ఆధారులో ఇంకోటి.
ఇద్దరూ నేనేనని అఫిడవిట్టు రాయించుకుని
నా కొట్టులోనే, నా చేత్తోనే
మూడు కాపీలు తీసుకున్నాను.
నాకు నేనే ఆరు రూపాయలు బాకీ.

అక్కణ్ణుంచి ఇక్కడికి నూట యాభై మెట్లు.
స్లైడరు మెల్లగా జరుపుతుంటే
పాతపట్నం చెక్‌పోస్టులో లారీ ఆగినట్టు ఉండదు,
ఎక్కడ మారిందో చెవికి దొరకదు.
ఆరువందల ముప్ఫై దగ్గర ఆపాను.
ఏ వాచకంలోనూ లేని అచ్చు అది.
మంగళవారం సంతలో చింతపండు బేరమాడే ఆడవాళ్లు
ధర తేలేదాకా అలాగే అంటారు.

దాన్ని ఎనిమిది గొంతులు చేశాను.
ఒక్కోదానికీ రవ్వంత శ్రుతి తప్పించాను,
అందరూ సరిగ్గా కలిస్తే మనుషుల్లా లేరు మరి.
తంబురా మీద పరిస్తే
వాన ముందు రేకుల కప్పులా ఊరంతా గుంయిమంది.

టోనరు డబ్బా తెచ్చిన ఇలియాజర్ గమాంగ్
హెడ్‌ఫోను ఒక చెవికే ఆనించి విన్నాడు.
పుట్టాసింగి కొండమీది సవర కుర్రాడు.
"బాగుంది గానక్కా, మా మాట ఇందులో లేదు."
"ఏటి మీ మాట?"
"మాదీ అ లాంటిదే. మధ్యలో గొంతు మూస్తాం."
పలికి చూపించాడు.
ఒక అ, ఒక తలుపు,
తలుపు వెనక ఇంకొంచెం అ.

స్లైడరు ఇటు జరిపాను. అటు జరిపాను.
ఆ గీత మీద అతని ఊరు లేదు.

రాత్రి రెండింటికి తట్టింది,
అది జల్లెడ పని కాదు.
నలభై మిల్లీసెకండ్లు
శబ్దం సున్నా.
ఇన్నాళ్లూ సున్నా వస్తే
తీగ ఊడిందని స్పీకరు వెనక తడుముకునేదాన్ని.

పొద్దున్న వినిపించాను.
నవ్వలేదు, మెచ్చుకోలేదు.
"ఎవరో మూసినట్టుందక్కా,
మూసుకున్నట్టు లేదు" అన్నాడు.
డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడా సున్నా అంచులు చెక్కుతున్నాను.
మూతపడే ముందు శ్రుతి కొంచెం కుంగాలేమో,
ఊపిరి ఇంకా లోపలే ఉండాలేమో.

పన్నెండున్నరకి షట్టరు దించేశాను.
నేలకి తాకబోయే ముందు అది చేసే చప్పుడు
ఎత్తి, దించి, మళ్లీ విన్నాను.
మూడోసారి
ఫోను నేలమీద పెట్టి
రికార్డు నొక్కాను.